రాయకముందే ‘ఆయె’

జూన్ 3
ప్రెస్సులో మళ్ళీ అదే గోల. అగ్గిపెట్టె లేబుల్ ఒకటి సేవ్ కొడితే, అది సర్వర్‌కు చేరేలోపు టీ తాగి గ్లాసు కడిగి రావచ్చు. ముదలాళి, అంటే ప్రెస్సు ఓనరు, తమిళంలో తిట్టాడు — సర్వర్‌ని కాదు, దాన్ని చూసుకునే నన్ను.

జూన్ 4
విరుదునగర్ నుంచి ప్రెస్సున్న కోవిల్‌పట్టి దాకా బస్సులో నిలబడే వచ్చాను. మధ్యాహ్నం కస్తూరి — లేబుళ్ళు గీసే నేతవాళ్ళ పిల్ల — సర్వర్ గది తలుపు దగ్గర ఆగి, రోజూలాగే... "బువ్వ ఆయెనా అన్నా?"
"ఆయె" అన్నాను. కాలేదు.
అమ్మ పోయాక నాతో తెలుగు మాట్లాడేది ఈ పిల్ల ఒక్కతే.

జూన్ 6
కిటుకు దొరికింది. సర్వర్ ఇన్నాళ్ళూ డిస్కు మీద రాశాకే ‘అయింది’ అనేది. ఇప్పుడు రాయకముందే అనేస్తుంది. సెట్టింగులో సింక్ తీసి అసింక్ పెట్టాను, అంతే. రెప్పపాటులో సేవ్! కస్తూరి చప్పట్లు కొట్టింది.
కరెంటు పోతే? యూపీఎస్ ఉందిగా. బ్యాటరీ పాతదని తెలుసు. తెలిసీ...

జూన్ 11
పోయింది. కరెంటు, యూపీఎస్, కస్తూరి గీసిన నెమలి లేబులు. సగమే రాసిన ఫైలు ఇక తెరుచుకోలేదు; మూడు రోజుల పని. బ్యాకప్ వారానికి ఒకసారే.
"నేనే సరిగ్గా సేవ్ కొట్టలేదేమో అన్నా..."
అందరి ముందూ ఆమెకే తిట్లు. నేను నోరు విప్పలేదు. సిగ్గుగా ఉంది.

జూన్ 12
మళ్ళీ సింక్ పెట్టేశాను. నెమ్మదిగానే రాయనీ.
రాత్రి అద్దె గదికి వచ్చి చెప్పులు చప్పుడయ్యేలా విడిచాను. వినేవాళ్ళు లేరని తెలిసినా.
చెప్పాలి. చెబితే ఇక తలుపు దగ్గర ఆగదేమో.

జూన్ 13
ఎదురుగా చెప్పే ధైర్యం లేదు. చీటీ రాశాను — ‘తప్పు నీది కాదు, నాది. సర్వర్‌లో నేనే మార్చాను.’ ఆమె టేబుల్ మీద పెట్టి వచ్చేశాను.

జూన్ 14
నా బుద్ధి గడ్డి తిన్నది! ఈ తమిళ ఊళ్ళలో పుట్టిన మనవాళ్ళకు తెలుగు నోట్లోనే గానీ కంట్లో లేదు. నేనంటే అమ్మ పోయాక పుస్తకం కొనుక్కుని నేర్చుకున్నాను.
చీటీ పట్టుకొచ్చి అక్షరాలు చూపించింది. "ఇదేం ఎళుత్తన్నా? నాకు సదవను రాదు. నువ్వే సదివి చెప్పు."
చీటీ మీద వేలు పెట్టి చదివినట్టు నటించాను. "బువ్వ ఆయెనా అని రాస్తిని."
"ఆయె అన్నా!" ఎంత నవ్విందో. చీటీని మానిటర్ అంచుకు అంటించుకుంది.

జూన్ 16
"మన ఎళుత్తు నాకూ నేర్పన్నా. ముందు బువ్వలో బ."
రాసిచ్చాను. ఏం చేయను?
ఆ కాగితం పట్టుకుని చీటీ దగ్గరికి వెళ్ళింది. పోల్చి చూస్తుందట.
చీటీలో బ లేదు.
ఇంకా రాలేదు...