చమురు పొయ్యికి గాలికన్నం

మావా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మన చమురు పొయ్యి ఇవాళే మళ్ళీ వెలిగించాను.

ముందు మేస్త్రీని పిలిచి, పొగ పైకప్పు దాటి పోయేలా రేకు గొట్టం పెట్టించాను. పొయ్యి పక్కన గోడలో ఉన్న గాలికన్నాన్ని జానెడు వెడల్పు చేయించి, ఇనుప వల బిగించాను. ఇక అందులో ఎవరూ ఏదీ కుక్కలేరు.

పక్కింటి సూరమ్మత్త చూసి కేకలేసింది. “ఏటే ఆ కన్నం? వానజల్లు కొట్టదేటి? నీ మొగుడు గాలి సోకే గదే పోనాడు!”

“గాలి సోకి కాదత్తా. గాలి సోకకే పోనాడు” అన్నాను.

అంతకుమించి ఆవిడకి చెప్పలేదు, నీకు చెబుతున్నాను. జ్వరంతో పడుకున్న నీకు చలిగాలి తగలకూడదని, ఆ కన్నంలో గోనెసంచి కుక్కింది నేనే. గది వెచ్చగా ఉంటుందని పొయ్యి ఆర్పకుండా ఊరికి ఆ చివరనున్న చిమిండైంగ్ బజారుకి బెల్లం కోసం వెళ్ళాను. వచ్చేసరికి మంట ఎర్రబడి మసి కక్కుతోంది. నేనెంత పిలిచినా నువ్వు లేవలేదు.

ఇవాళ జీళ్ళ పాకం కాచాను. మంట నీలంగా, కదలకుండా నిలిచింది. మన పజుండౌంగ్ పేట వాన ఆ కన్నంలోంచి నా పాదాల మీద పడుతోంది.

పడనీ, మావా.