సిగ్నల్ లేని గంటలు

మార్చి 4, మంగళవారం

నిన్న మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి ఫోన్ చేశారట. మా ఆవిడకి సరిపోయే కిడ్నీ దొరికిందని. ఎన్నిసార్లు చేసినా 'అందుబాటులో లేరు' అనే వచ్చిందట. గంట చూసి, లిస్టులో తర్వాతి వాళ్లని పిలిచేశారట. ఇవాళ డయాలసిస్‌కి వెళ్తే కోఆర్డినేటర్ ఈ ముక్క చల్లగా చెప్పింది, కొట్లో సబ్బు అయిపోయిందన్నట్టు.

నమ్మను. ఆవిడ ఫోన్లో మిస్డ్ కాల్ ఒక్కటీ లేదు. బస్సుల్లో టికెట్లు చెక్ చేస్తూ జుట్టు నెరిసినవాణ్ణి నేను. టికెట్ లేనివాడు కిటికీలోంచి బయటికి చూస్తాడు. పాత టికెట్ చూపించేవాడు సూటిగా కళ్లలోకి చూస్తాడు. కోఆర్డినేటర్ నా కళ్లలోకే చూసింది.

అదే రోజు, సాయంత్రం

నా నంబరు కూడా ఇచ్చి ఉండాల్సింది. కానీ ఇచ్చి ఏం లాభం? స్క్వాడ్ డ్యూటీ ఎక్కేముందు మా ఫోన్లు డిపో లాకర్లో పెట్టించుకుంటారు, చెకింగ్ వస్తోందని కండక్టర్లకి చేరవేస్తామని. అందర్నీ అనుమానించడం నా ఉద్యోగం. నన్ను అనుమానించడం మా ఆఫీసు ఉద్యోగం.

మార్చి 6

నాతో తిరిగే ఇన్‌స్పెక్టర్‌ని మేం సర్వజ్ఞుడు అంటాం. అడిగినా అడక్కపోయినా చెప్తాడు. టవర్లు ఒక్కొక్కటి, రేడియో స్టేషన్లలాగా, ఒక్కో బ్యాండ్‌లో పనిచేస్తాయట. ఆ బ్యాండ్ అందుకునే హార్డ్‌వేర్ ఫోన్లో లేకపోతే టవర్ కింద కుర్చీ వేసుకుని కూర్చున్నా దానికి చెవుడేనట. మీ వీధిలో టవర్ మార్చారేమో కనుక్కో, ఫోన్ ఎవరు కొనిచ్చారో అది కూడా కనుక్కో అన్నాడు.

కనుక్కునేదేముంది, బావమరిది. అక్క మీద ప్రేమతో. వాడి ప్రేమకి ఎప్పుడూ ఏదో ఒక డిస్కౌంట్ ఉంటుంది.

మార్చి 8

ఒకే పేరు, ఒకే రంగు, ఒకే ధర. కానీ ఒక్కో దేశంలో అమ్మే ఫోన్ లోపల రేడియో వేరు. తేడా మోడల్ నంబరు చివరి అక్షరంలో ఉంటుంది. డబ్బా మీద ఉన్నది సాక్ష్యం కాదు, డబ్బాలు ఎవడైనా మారుస్తాడు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూడాలి.

ఫోన్ ఇవ్వమంటే మా ఆవిడ కాస్త వెనకాడింది. పోయిందేదో పోయింది, ఇప్పుడు తవ్వుకుని ఏం చేస్తారు అంది, కిటికీ వైపు తిరిగి. పాపం, కన్నీళ్లు దాచుకుంటోంది.

మార్చి 9, ఆదివారం

బావమరిదిని నిలదీశాను. బిల్లు ఫొటో పంపి, బావా, నీతో వేగడం మా అక్కకే చెల్లింది అన్నాడు. బిల్లులోనూ ఫోన్లోనూ మోడల్ నంబరు ఒక్కటే. కంపెనీ సైట్లో ఆ నంబరు ఎదురుగా ఉన్న బ్యాండ్ల పట్టిక అంతా చదివాను. కస్టమర్ కేర్ అమ్మాయిని విసిగించి మా టవర్ బ్యాండ్లు చెప్పించుకున్నాను. మూడు, ఎనిమిది, ఇరవై ఎనిమిది. ఫోన్లో మూడిటికి మూడూ ఉన్నాయి.

ఫోన్ నిర్దోషి. నాకు కొంచెం నిరాశగా కూడా ఉంది.

మార్చి 10

అయితే కోఆర్డినేటరే అబద్ధమాడింది.

మార్చి 12

నిన్న కోఆర్డినేటర్ మీద ఫిర్యాదు రాశాను. సర్వజ్ఞుడు చదివి, ఆధారమేదిరా అన్నాడు. ఫోన్ ఏ వేళ ఏ బ్యాండ్‌లో ఉందో రాసిపెట్టే యాప్ ఉందట. రోజంతా సిగ్నల్ ఉందని చూపిస్తే ఆసుపత్రి నోరు మూతపడుతుంది. ఇవాళ పొద్దున్నే ఆవిడ స్నానానికి వెళ్లినప్పుడు యాప్ వేసేశాను. చెప్తే కంగారు పడుతుందని చెప్పలేదు.

మార్చి 15, శనివారం

రాయబుద్ధి కావడం లేదు. అయినా రాస్తాను.

యాప్ తెరిచాను. నేను డ్యూటీకి బయల్దేరిన కాసేపటికి సిగ్నల్ పోయింది. ఏ బ్యాండూ లేదు. నేను వచ్చే వేళకి మళ్లీ నిండుగా ఉంది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. నా షిఫ్ట్ చూసుకుని చెడిపోయే టవర్ ఎక్కడా ఉండదు. కింద చిన్న అక్షరాల్లో ఉంది: ఏరోప్లేన్ మోడ్ ఆన్. ఏరోప్లేన్ మోడ్ ఆఫ్.

అడిగాను. కిటికీలోంచి చూసింది. ఊళ్లో వాళ్లందర్నీ పట్టుకున్నాను, ఇంట్లో మనిషి ముఖం చదవలేకపోయాను.

తర్వాత చెప్పింది. డయాలసిస్‌లో పక్క కుర్చీలో ఒకావిడ ఊలు టోపీ అల్లుతుండేది. ఆవిడకి పోయిన ఏడాది కిడ్నీ దొరికిందని ఫోన్ వచ్చింది. సగం అల్లిన టోపీ మా ఆవిడ చేతిలో పెట్టి, వచ్చి పూర్తి చేస్తా, కుట్లు జారనివ్వకు అని నవ్వుకుంటూ వెళ్లింది. ఆపరేషన్ టేబుల్ మీదే పోయింది. ఆ టోపీ మా బీరువాలో చీరల కింద ఉంది, సూదులతో సహా. అప్పట్నుంచి ఫోన్ మోగితే ఆ టేబులే కళ్లముందుకొస్తోందట. ఒకరోజు విమానం గుర్తు నొక్కి చూసింది. ఆ పూట ఊపిరి ఆడింది. మర్నాడు కూడా నొక్కింది.

నాకెందుకు చెప్పలేదన్నాను. చెప్తే మీరు వినరు, పట్టుకుంటారు అంది.

అరిచాను. వచ్చిన ప్రాణాన్ని గుమ్మంలోంచి పంపేశావన్నాను. అనకూడని మాట. అనేశాను.

మార్చి 16, ఆదివారం

కూరలో ఉప్పు లేదు. నేను చెప్పలేదు. ఆవిడా అడగలేదు.

మార్చి 17

యాప్ మళ్లీ చూశాను. నా బుద్ధి అంతే.

నిన్న రోజంతా సిగ్నల్ ఉంది. తగువాడుకున్న మర్నాడు కూడా ఒక్క నిమిషం ఆపలేదు. మొన్న సాయంత్రం ఉంది, అటు మొన్న సాయంత్రం ఉంది. సిగ్నల్ లేని గంటలే చూసి కేసు రాసేశాను. ఉన్న గంటలు చూడలేదు. నేను ఇంట్లో ఉన్నప్పుడు ఆ ఫోన్ ఎప్పుడూ చచ్చిపోలేదు.

పక్కన కూర్చుని అడిగాను. ఈసారి నిజంగా అడిగాను. ఒక్కదాన్నే ఉన్నప్పుడు మోగితే ఎత్తలేనండీ, మీరుంటే ఎత్తుతాను అంది. అంతే. ఇన్నాళ్లూ ఆవిడకి కావలసింది అంతే.

మార్చి 24

స్క్వాడ్ వదిలేసి, డిపోలో, జనం బస్సుల్లో మరిచిపోయిన వస్తువుల గది అడిగి తీసుకున్నాను. ఎవరూ కోరుకోని సీటు. దీన్నెందుకు అడుగుతున్నాడా అని మేనేజరు నన్ను అనుమానంగా చూశాడు. అనుమానించనీ. ఇక్కడ ఫోన్లు లాకర్లో పెట్టనక్కర్లేదు, కౌంటర్ వెనక రెండో కుర్చీకి చోటుంది.

ఆవిడ నాతోనే వస్తోంది. గొడుగులు, టిఫిన్ డబ్బాలు, ఒంటి చెప్పులు. కాలు ఎడమదా కుడిదా చూసి సర్దుతుంది. ఇన్ని మరిచిపోతారా జనం అని నవ్వింది. ఫోన్ మా ఇద్దరి మధ్య బల్ల మీద ఉంటుంది. యాప్ తీసేశాను.

ఇవాళ బీరువాలోంచి ఆ టోపీ తెచ్చుకుంది. అల్లడం రాదట. కుట్లు జారిపోలేదు కదా అని మాత్రం చూసుకుంది.

ఏప్రిల్ 29, ఉదయం

మోగింది. ఎత్తింది. నిలబడే మాట్లాడుతోంది. బయల్దేరుతున్నాం అంటోంది.

అక్షరాలు వంకర పోతున్నాయి. ఎడమచేత్తో రాస్తున్నాను. కుడిచెయ్యి ఆవిడ వదలడం లేదు.