ఎడమ పెట్టెలో సొట్ట

ప్రియమైన అక్కా,

నువ్వు పంపిన స్పీకర్లు క్షేమంగా చేరాయి. క్షేమంగా అంటే, మర్నాడు ముందున్న గుడ్డమూత తీసి చూస్తే, ఎడమదాని నడుమ ఉండే నల్ల బుడిపె కాస్త లోపలికి సొట్టపోయి ఉంది. మీ మరిది అప్పటికప్పుడే తేల్చేశారు, ఎడమ పెట్టె మూగబోయిందని, బావగారికి సర్దడం చేతకాలేదని. రెండూ తిప్పి పంపేద్దామంటున్నారు. బడిలో పిల్లలకు పాట నేర్పే మాస్టారి చెవి కదా, కాదనడానికి నేనెవరిని? ఈ పెట్టెల పుణ్యమా అని మన రెండిళ్ళ మధ్య మాటలు ఆగిపోతాయేమోనని దిగులుగా ఉంది.

కానీ అక్కా, నాకు రెండూ ఒక్కలాగే వినిపిస్తున్నాయి. చిన్నప్పుడు నువ్వు పెట్టిన పేరు ఊరికే పోతుందా? పాటను వీటికి పంపే మా రిసీవరుకీ వీటికీ జత కుదరలేదేమోనని వెనక్కి తిప్పి చూశాను. స్పీకరు మీద ‘8 ఓమ్‌లు’ అని ఉంది. ఎనిమిదిసార్లు జపించాలేమో అనుకున్నాను. రిపేరు షాపు ఆవిడ నవ్వి, అది కరెంటుకు స్పీకరు పెట్టే అడ్డు అనీ, మా రిసీవరు దాన్ని హాయిగా తట్టుకుంటుందనీ చెప్పింది. తీగలు తారుమారైతే రెండు పెట్టెలూ ఒకదాని గొంతు ఒకటి మింగేస్తాయట. చూశాను, ఎరుపు ఎరుపుకే, నలుపు నలుపుకే ఉంది. అంత చిన్న సొట్టతో పాటకేం కాదని కూడా అంది.

రేపు ఆయన బడికి వెళ్ళాక పెట్టెలు అటుది ఇటు, ఇటుది అటు పెడతాను. సొట్టది కుడివైపుకు వస్తే మూగతనమూ దాని వెంటే రావాలి కదా? గుడ్డమూతలు ఉంటాయి కాబట్టి ఆయనకు తెలియదు.

నీ ఎందుకమ్మ

*

అక్కా,

మార్చాను. సాయంత్రం ఆయన కళ్ళు మూసుకుని విని, ఎడమది ఇంకా మూగగానే ఉందన్నారు. ఇప్పుడు ఎడమవైపు ఉన్నది గీత కూడా పడని పెట్టె.

కుడిదాని గుడ్డమూత తీశాను. గుడ్డ మీద చిన్న నలుగుడు కూడా లేదు. దారిలో దెబ్బ తగిలితే ముందు దానికి కదా తగలాలి? సొట్టలో నా బొటనవేలు పెట్టి చూశాను, వదులైంది. ఆయన లేచి వచ్చి తన బొటనవేలు పెట్టారు. సరిగ్గా సరిపోయింది.

“పెట్టె పాడైతే ఇంకో పెట్టె తెస్తారు. మాస్టారి చెవి పాడైతే ఇంకో మాస్టారిని తెస్తారు,” అన్నారు.

కొన్నాళ్ళుగా తరగతిలో ఎడమవైపు పిల్లలు శ్రుతి తప్పినా తెలియడం లేదట. నాకు పట్టరాని కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. తనే సొట్ట నొక్కి బావగారి మీద నెట్టినందుకు కాదు, ఇంత భయం నాకు చెప్పకుండా ఒక్కరే మోసినందుకు. రేపు ఇద్దరం చెవి డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. డాక్టరు ఏమంటారో, బడివాళ్ళు ఏమంటారో తెలియదు.

రిసీవరు మీద ఒక మీట ఉంది. నొక్కితే రెండు వైపుల పాటా కలిసి రెండు పెట్టెల్లోనూ వస్తుంది. నొక్కాను. కుర్చీని పక్కకు తిప్పి, ఆయన కుడిచెవి పెట్టెల వైపు ఉండేలా కూర్చోబెట్టి, రోజూ వినే పాటే పెట్టాను. కాసేపటికి ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

“ఇందులో వేణువు ఉంది కదూ,” అన్నారు. “మర్చిపోయాను.”

స్పీకర్లు తిప్పి పంపడం లేదు. బావగారికి తనే ఉత్తరం రాస్తున్నారు.

నీ ఎందుకమ్మ