కోట తలుపు తీసినవాడు

బంగారు తల్లి జయంతికి,

మునెమ్మ అవ్వ దీవెనలు. తిరుపతిలో వేళకు తింటున్నావా? ఫోనులో నీ మాట నా చెవికి ఆనదు, అందుకే ఉత్తరం. వారపత్రికలో నీ నవలను ఊరంతా చదివించుకుని వింటున్నారు. అదే నా భయం. పాతకాలంలో మన ఊరి కోట తలుపు శత్రువులకు తీసినవాడికి చెంగల్రాయుడని పేరు పెట్టావు. మన టిఫిన్ అంగడి చెంగల్రాయుడి పెద్దలు ఆ కోట కాపలావాళ్ళే కదా! "ఊరినే అమ్మినోళ్ళు, ఇడ్లీలో ఏం కలుపుతారో అబ్బా!" అని మొదట ఎగతాళి చేశారు. ఇప్పుడు ఆ అంగడికి ఎవరూ పోవడం లేదు. ద్రౌపది గుడిలో భారతం ఉత్సవాలు వస్తున్నాయి. ఆఖరి రోజు మట్టి దుర్యోధనుణ్ణి ఆడవాళ్ళం చీపుర్లతో కొడతాం కదా, ఈసారి ఆ బొమ్మకు చెంగల్రాయుడి మీసం పెడతారంట. ఏదో ఒకటి చెయ్యి తల్లీ.

నీ అవ్వ

ప్రియమైన అవ్వకు,

అంత దిగులు వద్దు. ఆ ద్రోహి నా కల్పన. చరిత్రలో రాజుల పేర్లుంటాయి, తలుపు తీసిన చెయ్యి ఎవరిదో ఉండదు. ఆ ఖాళీలోకి తొంగి చూడాలనే మేం రాస్తాం, జనం చదువుతారు. పేరు మాత్రం ఆలోచించకుండా పెట్టాను. తప్పే. వచ్చే భాగంలో అతను నిర్దోషని తేలుస్తాను. ఇదంతా కల్పితమని కూడా వేయిస్తాను.

నీ జయంతి

జయంతీ, నా తల్లీ,

నువ్వు రాసిన భాగం ద్రౌపది గుడి ముందర చదివించారు. మన పక్కింటి లోకేశ్వరి ఏమందో తెలుసా? "ముందు రాసిందే చరిత్ర. ఇది కథ. బిడ్డ భయపడి రాసినట్టుండాది." అందరూ ఔనన్నారు.

బొమ్మకు మీసం పెట్టనే పెట్టారు. దాన్ని కొట్టాక కూడా చేతులు ఆగలేదు. చీపుర్లతో చెంగల్రాయుడి ఇంటిమీదికే పోయారు. ఆయన లోపల గడియ వేసుకున్నాడు. నేను పోయి ఆ గడప మీద నిలబడ్డాను.

"ఆగండమ్మా! తలుపు తీసింది ఈళ్ళ పెద్దలు కాదు, మా పెద్దలే. మా మామ సచ్చేముందు నాతో చెప్పినాడు. మా పరువు పోతాదని నా మనవరాలు పేరు మార్చింది."

మామ అలాంటి మాట ఎన్నడూ అనలేదు. చీకటి, గుర్రాలు, గడియ చప్పుడు, అన్నీ చూసినట్టే చెప్పాను. ఎట్లా వచ్చిందో తెలియదు. వాళ్ళు నమ్మేశారు.

చెంగల్రాయుడు అంగడి తెరిచాడు. మనకు పాలామె రావడం మానేసింది. పొద్దున మన తలుపు మీద ఎవరో పేడ కొట్టి పోయారు. నువ్వు ఇప్పుడు ఊరికి రావద్దు. నేను చెప్పింది కల్పితమని మాత్రం ఎక్కడా రాయొద్దు, మళ్ళీ ఆయన ఇంటికే పోతారు.

నీ అవ్వ