అన్న సంచిలోంచి అవి తీసెయ్

అమ్మకు,

ఈ ఉదయం మేడ మీద ఆరేసిన చున్నీ తీస్తే విమానాల పొగ వాసన వేసింది. ప్రభువు దయవల్ల ఒంట్లో బాగానే ఉంది, మనసే నిలకడగా లేదు.

మస్కట్‌లో ఉన్న అక్క కొడుకు దగ్గుకని అన్న సంచిలో ఎండిన సముద్రపు గుర్రాలు పెట్టావు కదా, వెంటనే తీసెయ్. నిన్న శంషాబాద్ విమానాశ్రయంలో, నేను పనిచేసే పుస్తకాల కొట్టు ఎదుటే, మనవైపు పెద్దామె దగ్గర అవే దొరికాయి.

"మనవడి దగ్గుకండీ బాబూ, ఎండు చేపలే కదండీ!" అని ఏడ్చింది.

"చేపలే గానీ అమ్మా, సముద్రంల కరువైతున్నయని దేశాలన్నీ ఒప్పందం రాసుకున్నయి. గిట్ల తీస్కపోతే కేసే," అన్నాడు కస్టమ్స్ అధికారి. ఆమె లేకుండానే విమానం వెళ్లిపోయింది.

అన్న కూడా ఇక్కడే ఎక్కాలి. ఫోన్లో చెబితే నవ్వేస్తాడు, ఈ కార్డు చదివి వినిపించు. వలలో పడిన వాటిని ప్రాణంతోనే నీళ్లలో వదలమని నాన్నకు చెప్పు. బాబును డాక్టరుకు చూపించమని అక్కకు కూడా. నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? నా పాత గొడుగు అన్నతో పంపు. అందరికీ వందనాలు.

నీ జసింత

అవేమిటో మొదట ఆ అధికారులెవరికీ తెలియలేదు. కొట్టులోకి వచ్చి అడిగితే పేరు చెప్పింది నేనే.