ఈసారి కళ్ళు వచ్చాయి

బాబాయ్,

ఎప్పటిలాగే నేను తీసిన ఫొటో పంపుతున్నాను, ఎలా ఉందో చెప్పు. ఈసారి ఒక్కటే. స్టూడియో తలుపేసుకుని, ఒక్కడివే ఉన్నప్పుడు చూడు.

నిన్న మార్కెట్ సందులో కత్తులకు సానపట్టే తాతను తీస్తున్నాను. చక్రం మీంచి నిప్పురవ్వలు భలే లేస్తున్నాయి. ఇంతలో ముఖాలకు గుడ్డలు కట్టుకుని, ఇనపరాడ్లతో కొందరు దిగారు. "సందు ఖాళీ చెయ్యమంటే చెవికెక్కదా ముసలోడా?" అంటూ ఒకడు తాత చేతుల మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. కిందపడ్డాక తల మీద కూడా కొట్టాడు. నేను ఆపకుండా తీస్తుంటే, నావైపు తిరిగి కెమెరా మీద ఒక్కటి వేశాడు.

"ఫిల్టర్ లేకుండా గడప దాటావంటే కెమెరా లాక్కుంటా" అని నువ్వు తిట్టి లెన్సు ముందు బిగించిన గాజే పగిలింది. వెనకున్న లెన్సుకి గీత కూడా పడలేదు. పెంకులు పీకేసి, రక్తం కారుతున్న వేలితోనే మళ్ళీ నొక్కాను. అప్పటికే వాడి ముఖం మీది గుడ్డ జారింది. నన్ను చూసి పరిగెత్తాడు.

తాతకింకా తెలివి రాలేదు.

నా ఫొటోలన్నిటి వెనకా ఎర్ర పెన్సిలుతో "కళ్ళు రాలేదు" అని రాసేవాడివి. ఈసారి వచ్చాయి, చూడు. అచ్చం నీ కళ్ళే.

రేపు పొద్దున ఈ ఫొటో పోలీసులకివ్వాలి, వెనక పేరుండాలి. నీ కొడుకు అని నువ్వు రాస్తావా, మా అన్నయ్య అని నన్నే రాయమంటావా?