టేపు చివర మిగిలింది

ప్రియమైన మేనకోడలికి,

మీ అత్త రేడియోలో చివరిసారి కథ చదివిన టేపును ఎవర్నీ ముట్టుకోనివ్వనని మీ నాన్న నాకు మాటిచ్చాడు. ఆవిడ పోయి నెల తిరగకుండానే, రేడియో స్టేషనులో టేపులు తక్కువయ్యాయని దాని మీదే ఒక మంత్రి ఉపన్యాసం రికార్డు చేశాడు. ఆనాటినుంచి నేను మీ గడప తొక్కలేదు.

పాత టేపుల్లోని శబ్దాన్ని డీఎన్ఏలో రాసి, వేలెడు గొట్టంలో మూసి, వేల ఏళ్లు నిలబెడతామని రాశావు. సంతోషం. తండ్రి చెరిపాడు, కూతురు దాస్తోంది. నేను చదివిన చరిత్రంతా ఇంతే: గ్రంథాలయాలు తగలబెట్టినవాళ్ల మనవలే శిథిలాల దగ్గర టికెట్లు అమ్ముతారు.

నా దగ్గర టేపులేమీ లేవు. మంత్రిగారిని భద్రంగా దాచుకోండి.

మీ మామయ్య

*

ప్రియమైన మామయ్యా,

మీ వెటకారం అందింది. ఆ టేపు వెతికి తీశాను. మంత్రిగారు తొందరగానే ముగించారు. ఆపబోతుంటే దగ్గు వినబడింది. అత్తది. కథ చివరి వాక్యం చదివి ఇలా అంది:

"తమ్ముడూ, నా గొంతు చూడు, చిల్లుడబ్బాలా ఉంది. ఇది చెరిపెయ్. ఉంచావంటే మీ బావ అన్నం మానేసి దీని ముందే కూర్చుంటాడు. నేను చెప్పానని ఆయనతో అన్నావో, నా మీద ఒట్టే."

"బావ నన్ను చంపేస్తాడక్కా."

"చంపడులే. మాట్లాడ్డం మానేస్తాడు, అంతే."

నాన్నకు వినిపించాను. "మొత్తం చెరిగిపోయిందనుకున్నానే" అని లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు.

దాచనా, అత్త కోరినట్టు చెరపనా? దాచినా, వినాలంటే ప్రతిసారీ ల్యాబులో ఆ డీఎన్ఏను చదివించాల్సిందే. కావాలంటే మీ ఫోనుకు వేరే కాపీ పంపుతాను.

మీ జవాబు కోసం చూస్తూ,
మీ కోడలుపిల్ల

*

ప్రియమైన తల్లీ,

జవాబు ఆలస్యమైంది. కలం పట్టిన ప్రతిసారీ మీ నాన్నను తిట్టే అలవాటు అడ్డొచ్చింది.

దాచు. దగ్గుతో సహా. మంత్రిని కూడా ఉంచు, తొందరగా ముగించినందుకు. కాపీ మాత్రం పంపకు. గొట్టంలో ఉంటే రోజూ పెట్టుకుని కూర్చోలేను. ఆవిడ మాటా దక్కుతుంది, నా మాటా దక్కుతుంది.

ఆదివారం మీ నాన్నను పంపు. చదరంగం బల్ల దులిపి పెట్టాను. ఎత్తులు మరిచిపోయి ఉంటే నాకే లాభం. వాడి మీద నాకిక ఏమీ లేదు.

కానీ ఇన్నేళ్లు మోసిన కోపాన్ని ఎక్కడో ఒకచోట దించాలి కదా. నేను ఏడుస్తానని తనే అనుకుని, నన్నొక్క మాట అడక్కుండా, ఏడవడానికి కూడా ఏమీ మిగల్చకుండా వెళ్లిపోయిన మనిషి ఉంది. నా కోపమంతా ఇక ఆవిడ మీదే.

మీ అత్త మీద.

మామయ్య